అరుగు కింది దీపాలు

కంప్యూటర్లో ఆట ఈడ్చుకుంటూ నడుస్తోందని బావ ఫోన్ చేసినప్పుడు పిచ్చుక దుకాణంలో ఒక పెద్దాయన చెవికి వినికిడి యంత్రం అమరుస్తోంది. సెలవు రోజున వచ్చి చూస్తానని ముక్తసరిగా చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత చాలాసేపు, ఆ పెద్దాయనకు అన్నీ వినబడుతున్నాయి గానీ ఆమెకే ఒక్క ముక్కా చెవికెక్కలేదు.

పిచ్చుక అసలు పేరు కాదు. ఒకచోట కుదురుగా కూర్చోదని చిన్నప్పుడు అక్క పెట్టిన పేరు. అక్క పోయి ఏడాది దాటింది. ఇప్పుడు ఆ పేరుతో పిలిచే మనిషి బావ ఒక్కడే.

ఆట కూడా అక్కదే. ఒక లోయ, మధ్యలో ఏరు, ఏటి ఒడ్డున ఒక ఇల్లు. పొద్దున్నే లేచి తోట తవ్వుకోవచ్చు, కొండెక్కి కట్టెలు తెచ్చుకోవచ్చు, ఇరుగుపొరుగుతో కబుర్లు చెప్పుకోవచ్చు. అంతకుమించి అందులో గెలుపూ ఓటమీ ఏమీ లేవు. తయారుచేసినవాళ్లు ఇచ్చిన లోయ బోసిగా ఉండేది. ఆడేవాళ్లే సొంతంగా అతుకులు తయారుచేసి ఒకరికొకరు పంచుకునేవారు. వాటినే మాడ్లు అంటారు. అక్క భవనాలకు ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేసేది, ఏదీ ఉన్నది ఉన్నట్టు వదిలిపెట్టే రకం కాదు. వానకు ఒక మాడు, మంచుకు ఒకటి, కిటికీ తెరలు గాలికి కదలడానికి ఒకటి, ఏళ్లు గడిచేకొద్దీ లోయలో మనుషులు నెరిసి వంగిపోవడానికి ఇంకొకటి. చివరికి అసలు ఆట ఎంతో అతుకులు ఎన్నో ఆమెకే తెలియనంతగా పేర్చింది.

బావ సిటీ బస్సు డ్రైవరు. పొద్దుటి డ్యూటీ దిగి ఇంటికొచ్చి, వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని, అక్క ఆడుతుంటే పక్కన కూర్చుని చూసేవాడు. ఆ లోయలో సిగ్నల్ దీపాలు లేవు కాబట్టి అక్కడే బస్సు నడుపుతానని జోకులు వేసేవాడు. మౌస్ మాత్రం ముట్టుకోలేదు. జబ్బు ముదిరాక, నువ్వూ నేర్చుకో, పనికొస్తుందని అక్క పట్టుబట్టేది. అతను చెవిన వేసుకోలేదు. ఆమె పోయాక, ఎవరూ చెప్పకుండానే, ఒకరోజు ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

పిచ్చుక వెళ్లేసరికి బావ కుర్చీ ఖాళీ చేసి ఉంచాడు. గదిలో అక్క వస్తువులు అలాగే ఉన్నాయి. మోకాళ్ల మీద కప్పుకునే శాలువా కుర్చీ వీపున మడిచి ఉంది. పిచ్చుక దాన్ని కదపకుండా అంచున కూర్చుంది.

తెర మూలలో ఒక అంకె కనబడేలా పెట్టింది ముందు. కంప్యూటరు సెకనుకు ఎన్ని బొమ్మలు గీయగలుగుతోందో చెప్పే అంకె అది. దాన్నే ఫ్రేమ్ రేట్ అంటారు. అరవై ఉంటే కదలిక నీళ్లలా జారుతుంది. బావ ఆటలో అది కొండ మీద అరవై దగ్గర నిలకడగా ఉంది. ఏరు దాటి ఇంటి దారి పట్టగానే తగ్గడం మొదలైంది. కంచె దగ్గరికి వచ్చేసరికి పదికి దిగజారింది. తెర మీది మనిషి అడుగు తీసి అడుగు వేయడానికి ఆపసోపాలు పడుతున్నాడు.

"ఇంటికి రావడమే కష్టంగా ఉంది. బయటెక్కడా ఏ ఇబ్బందీ లేదు," అన్నాడు బావ.

ఆమె కంప్యూటరు పెట్టె విప్పి దుమ్ము దులిపింది. ఫ్యాన్లు తుడిచింది. బొమ్మలు గీసే కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్ కొత్తది వేసింది, నీడల నాణ్యత తగ్గించింది. అంకె ఒకటో రెండో లేచి మళ్లీ పడిపోయింది. మొత్తం చెరిపేసి ఆటను మొదటి నుంచి వేసుకుందామని ఆమె అంటే బావ నవ్వాడు.

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటారు. పిచ్చుకే బ్రహ్మాస్త్రం పట్టుకు తిరగడం ఇప్పుడే చూస్తున్నా."

నవ్వుతూనే అన్నాడు గానీ, చెయ్యి మాత్రం వచ్చి మౌస్ పక్కన ఆగింది. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత వరసగా కొన్ని సెలవు రోజులు అక్కడే గడిచాయి. ఇలాంటి రోగానికి పద్ధతి ఒకటే. సగం మాడ్లు తీసి చూడాలి. బాగుపడితే దోషం తీసిన సగంలో ఉన్నట్టు, లేకపోతే మిగిలిన సగంలో ఉన్నట్టు. మళ్లీ ఆ సగంలో సగం. వాన తీసేసింది, మంచు తీసేసింది. తెరలు, కోళ్లు, కుక్కలు, ఏటిలో చేపలు అన్నీ తీసేసింది. లోయ రోజురోజుకీ బోసిపోయింది. అంకె కదల్లేదు. ఒక విషయం మాత్రం బయటపడింది. ఆటలో పగటిపూట ఇంటి దగ్గర ఎంత ఉండేదో, పొద్దు వాలాక అందులో సగం కూడా ఉండడం లేదు. ఒక్కో సాయంత్రం గడిచేకొద్దీ ఇంకాస్త తగ్గుతోంది. ఇంటి దగ్గర ఏదో పేరుకుపోతోంది.

వాన పడుతున్న ఒక మధ్యాహ్నం ఆమె గడ్డి మాడు తీసేసింది. ఇంటిముందు దట్టంగా అల్లుకున్న పచ్చదనమంతా ఒక్కసారి మాయమై, కింద ఎత్తైన రాతి అరుగు బయటపడింది. ఆటలో అప్పుడు మసక చీకటి. రాళ్ల మధ్య సందుల్లోంచి వెలుగు వస్తోంది. పసుప్పచ్చటి, సన్నటి గీతలు. అవి నిలకడగా లేవు. లోపల ఎవరో దీపం పట్టుకుని అటూ ఇటూ మసలుతున్నట్టు వణుకుతున్నాయి.

పిచ్చుక చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అది ఎప్పట్నుంచో ఉంది," అన్నాడు బావ, టీ కప్పు బల్ల మీద పెడుతూ. "గడ్డిలోంచి కూడా కాస్త కాస్త కనిపించేది. మీ అక్క ఏదో సరదాకి పెట్టిందనుకున్నా."

"ఈ అరుగు కూడా అక్కే పెట్టిందా?"

కాదట, తనే పెట్టాడట. మొదటిసారి ఆడినప్పుడు ఇంటిముందంతా బురద. అక్క బతికుండగా ఆ బురద చూసి విసుక్కునేది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అనుకుని, ఇంటిని, వాకిలినీ కంచెతో సహా ఎత్తైన రాతి అరుగు మీదికి ఎక్కించే మాడు ఎక్కడో వెతికి, డిపోలో ఒక కుర్రాడిని అడిగి మరీ వేసుకున్నాడు. జీవితంలో అతను సొంతంగా వేసుకున్న మాడు అదొక్కటే.

గడ్డి తీశాక ఇంకొకటి కూడా తేడాగా ఉంది. వాన మాడు ఎప్పుడో తీసేసినా, ఇంటి దగ్గరికి రాగానే వాన చప్పుడు వినబడుతోంది. బయట నిజం వాన పడుతోంది కాబట్టి ఆమె మొదట పట్టించుకోలేదు. తర్వాత సంచిలోంచి తన హెడ్‌ఫోన్లు తీసి పెట్టుకుంది. రోజంతా ఇతరుల చెవుల్లో చప్పుళ్లను విడదీసి సరిచేసే మనిషి ఆమె. గోలలోంచి మాటను ఏరడం ఆమె పని. కళ్లు మూసుకుని వింది. అది వాన కాదు. ఒకే చప్పుడు, ఒకదాని మీద ఒకటి, వెంట్రుకవాసి వెనకా ముందూగా, లెక్కలేనన్ని సార్లు. ఆమె పై పొరలన్నీ మనసులోనే తోసేసి ఒక్కదాన్ని పట్టుకుంది.

"వచ్చావా?"

అక్క గొంతు. ఆరోగ్యంగా ఉన్నప్పటి గొంతు, చివర్న కాస్త సాగదీసే గొంతు. వచ్చావా, వచ్చావా, వచ్చావా. నేల కింద వాన కురుస్తున్నట్టు.

హెడ్‌ఫోన్లు తీసేసి, బావను బిస్కెట్లు తెమ్మని వీధిలోకి పంపింది. ఎందుకు పంపిందో ఆమెకే సరిగా తెలియదు. తను చూడబోయేది ముందు తనొక్కతే చూడాలనిపించింది.

ఆటలో మనిషిని కదపకుండా చూపును మాత్రం ఎక్కడికైనా పంపే వీలుంది. బావ బొమ్మను అరుగు మీద నిలబెట్టి, ఆమె చూపును రాళ్లలోంచి కిందికి దింపింది.

కింద ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. అరుగు అంచు దాకా, కంచె కిందుగా కూడా, ఒకరినొకరు తోసుకుంటూ. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో లాంతరు. అందరూ తలలు పైకెత్తి, ఒకే చోటికి చూస్తున్నారు. బావ బొమ్మ పాదాల వైపు. ఆమె అనుమానంగా ఆ బొమ్మను ఎడమకు నాలుగడుగులు నడిపించింది. కింద తలలన్నీ ఎడమకు తిరిగాయి.

దగ్గరున్న ముఖం అక్కది. ఆఫీసుకు వేసుకెళ్లే నీలం చొక్కా, చెవి వెనక్కి తోసిన జుట్టు. పక్కనున్నదీ అక్కే. చూపు వెనక్కి జరిగేకొద్దీ ముఖాలు మారాయి. కణతల దగ్గర నెరుపు, కళ్ల కింద ముడతలు. ఇంకా వెనక్కి వెళ్తే ఒళ్లు వచ్చిన అక్క, ఆ వెనక పూర్తిగా నెరిసిన అక్క, నడుం వంగిన అక్క. అందరికన్నా వెనక, నిలబడలేక నేల మీద కూలబడి, లాంతరు ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలిది. అది కూడా తలెత్తే ఉంది. అక్కకూ పిచ్చుకకూ ఒకే ముక్కు, ఒకే చుబుకం. చిన్నప్పుడు వీధిలో అందరూ వాళ్లను కవలలనుకునేవారు. ఆ ముసలి ముఖంలో ఆమెకు అక్క కనబడలేదు. తానే కనబడింది.

తెర ఆపేసి, లేచి, కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడింది. వీధిలో గొడుగు కింద బావ వస్తున్నాడు.

అతను వచ్చి తడి చెప్పులు విప్పేలోగా ఆమె ఆ ఆడవాళ్లను నిలబెడుతున్న మాడును వెతికి పట్టుకుంది. అక్క సొంతంగా రాసుకున్నది. చాలా చిన్నది, ఇంకెవరికీ పంచలేదు. అది చేసే పని ఇంతే: పొద్దు వాలేసరికి ఇంటాయన బయటే ఉంటే, గేటు దగ్గర లాంతరుతో తన రూపమున్న ఒక మనిషిని నిలబెట్టడం. అతను దగ్గరికి రాగానే ఆ మనిషి "వచ్చావా?" అని, ఇంట్లోకి వెళ్లి, దీపం ఆర్పి, మాయమవుతుంది. బావ డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చే రోజుల్లో అక్క వాకిట్లో చేసినదే అది. కాకపోతే అరుగు వచ్చిపడ్డాక నేల పైకి లేచింది, ఆ లాంతరు మనిషి పాత నేల మీదే నిలబడింది. రోజూ ఇంటికి వస్తూనే ఉన్నా అతను ఆమె దగ్గరికి చేరలేదు. మర్నాడు సాయంత్రం మాడు ఇంకొక మనిషిని నిలబెట్టింది. దీపం ఉంటే నీడ ఉంటుంది. అన్ని దీపాలకూ అన్ని నీడలూ గీయలేక యంత్రం నడుం విరిగింది. ఆటలో ఏళ్లు ఇట్టే గడిచిపోతాయి కాబట్టి ముసలితనం తెచ్చే మాడు తన పని తాను చేసుకుపోయింది.

ముందు నుంచి ఎవరైనా నిలబడి ఉంటే కొత్తవాళ్లను పెట్టకూడదనే షరతు అక్క అందులో రాయలేదు. తెలివితక్కువది కాదు. అతను రాని సాయంత్రం ఒకటి ఉంటుందని ఆమెకు తోచి ఉండదు.

పిచ్చుక బావకు అంతా చెప్పింది. ముఖాల సంగతి ఒక్కటే దాచింది. ఒక్క ఆదేశం టైప్ చేస్తే అందర్నీ చెరిపేయవచ్చని, ఆట మళ్లీ పరుగెడుతుందని చెప్పింది. బావ బిస్కెట్ల పొట్లం విప్పకుండా చేతిలోనే పట్టుకుని విన్నాడు.

"చూపించు," అన్నాడు.

"వద్దు బావా. బొమ్మలే అవి. చూసి ఏం చేస్తారు?"

"బొమ్మలే అయితే చూపించడానికేం?"

చూపించక తప్పలేదు. అతను చాలాసేపు చూశాడు. నెరిసిన ముఖాల దగ్గరికి వచ్చేసరికి తెర మీదికి వంగాడు. ఏడుస్తాడేమోనని ఆమె భయపడింది. ఏడవలేదు. రూట్ మారిన బస్సు కోసం ఎండలో నిలబడ్డ ప్రయాణికులను చూసినప్పటి ముఖం పెట్టాడు.

"నేనే కదా కప్పెట్టింది," అన్నాడు. "అరుగు తీసెయ్. చెరపొద్దు. నేను నడిచి వెళ్తా."

యంత్రం మొరాయిస్తుందని, మధ్యలో ఆగిపోయినా ఆగిపోవచ్చని హెచ్చరించి, ఆమె అరుగు మాడు తీసేసింది. బొమ్మ స్తంభించింది. ఫ్యాన్లు గింగిరాలు తిరిగాయి. పెట్టెలోంచి వచ్చే వేడిగాలి ఆమె మోకాళ్లకు తగిలింది. ఇక పని అయిపోయిందనుకునే వేళకు తెర మెల్లగా కదిలింది. ఇల్లు కిందికి దిగింది. బురద వాకిలి బయటపడింది. ఆ వాకిలి నిండా, గేటు దాకా, కంచె మూలల దాకా, లాంతర్లతో ఆడవాళ్లు.

బావ ఆమెను లేవమని, కుర్చీలో తను కూర్చున్నాడు.

అంకె మూడు దగ్గర ఉంది. అడుగుకో యుగం పడుతోంది. అతను స్టీరింగ్ పట్టుకున్నట్టు మౌస్ పట్టుకుని, తొందరపడకుండా, మొదటి ఆమె ముందుకు వెళ్లి ఆగాడు. ఆమె "వచ్చావా?" అంది. వెనక్కి తిరిగి, మెట్లెక్కి, తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది. కిటికీలో దీపం ఆరిపోయింది. అతను రెండో ఆమె దగ్గరికి వెళ్లాడు.

అలా ఎంతసేపు సాగిందో పిచ్చుక గమనించలేదు. టీ చల్లారి మీగడ కట్టింది. ఒక్కొక్కరూ లోపలికి వెళ్లేకొద్దీ అంకె ఒక్కో మెట్టు ఎక్కింది. నడక తేలికైంది. వయసు మళ్లినవాళ్లు వచ్చారు. ముఖం అరవై ఏళ్లది, డెబ్భై ఏళ్లది. నోరు తెరిస్తే వచ్చేది మాత్రం ఆ పడుచు గొంతే. ముడతలు పడ్డ పెదవులు కదిలి, చివర్న కాస్త సాగదీసి, "వచ్చావా?" అంటున్నాయి. బావ ఒక్కొక్కరి ముందూ ఆగి, ఆ గొంతు పూర్తిగా వినిపించాకే ముందుకు కదిలాడు. పిచ్చుకకు అక్కడి నుంచి వెళ్లిపోవాలనిపించింది. చూపు మాత్రం తిప్పుకోలేదు.

చివరకు కంచె మూల కూలబడిన ముసలామె మిగిలింది. అంకె అరవై దగ్గర నిలిచి ఉంది. అతను ఆమె ముందు ఆగాడు. ఆమె లేవడానికి ప్రయత్నించి, కంచె పట్టుకుని, నెమ్మదిగా లేచింది.

"ముసలిదైతే ఇలా ఉండేదన్నమాట," అన్నాడు బావ, తనలో తాను.

ఆమె ఇంట్లోకి చేరడానికి చాలాసేపు పట్టింది. అతను వెనకే నడిచాడు.

వారం తిరిగేసరికి పిచ్చుక మళ్లీ అన్ని మాడ్లూ యథాస్థానంలో పెట్టి ఇచ్చింది, అరుగు ఒక్కటి తప్ప. అక్క రాసిన దాంట్లో ఆ లేని షరతు కూడా రాసిపెట్టాలా అని అడిగితే, అక్క రాతలో వేలు పెట్టొద్దని బావ అన్నాడు. ఇక ఎటూ రోజూ ఇంటికి వెళ్తాడు కదా అని ఆమె ఊరుకుంది. అప్పుడప్పుడు ఫోన్ చేస్తే, బాగానే నడుస్తోందనేవాడు. దుకాణంలో పని పెరిగింది. ఆమె కొన్ని నెలల పాటు అటు వెళ్లలేదు.

వెళ్లిన రోజున బావ ఆటలో కొండ మీద ఉన్నాడు. చిన్న గుడారం వేసుకున్నాడు, పక్కన నెగడు. మూలలో అంకె పాతిక దగ్గర ఊగుతోంది. కొండ మీద ఎప్పుడూ అరవై ఉండేది.

"మళ్లీ మొదలైందా?" అంది పిచ్చుక. "చెప్పలేదేం?"

అతను ఆటలోనే దూరాన్ని దగ్గరగా చూపే గొట్టం తీసి ఏటి వైపు తిప్పాడు. వాకిట్లో దీపాలు. ఈసారి నేల కింద కాదు, పైనే. గేటు దగ్గర మొదలై తోట దాకా నిలబడి ఉన్నారు. ఆటలో ఇంటికి వెళ్లడం అతను ఎప్పుడో మానేశాడు.

"కొత్తగా వచ్చేది ఎప్పుడూ మీ అక్క అప్పటి వయసుతోనే వస్తుంది," అన్నాడు బావ. "వెంటనే వెళ్లి కలిస్తే అక్కడితో అయిపోతుంది. పెద్దదవ్వాలంటే ఆగాలి కదా. మొదటి ఆమెకి ఇప్పుడిప్పుడే జుట్టు నెరుస్తోంది చూడు. నాకూ నెరుస్తోంది."

వాళ్లు ఎదురుచూస్తున్నారని పిచ్చుక అంది. అన్నాక, ఎవరి గురించి అలా అంటున్నానా అని తనకే తోచింది. ఆమె వంగి మౌస్ అందుకుంది, అతను అడ్డు చెప్పలేదు. బొమ్మను లేపి, కొండ దింపి, ఏరు దాటించి, ఇంటి దారి పట్టించింది. అంకె పడిపోతూ వచ్చింది. కంచె కనబడగానే వాకిట్లో తలలన్నీ ఒక్కసారిగా ఇటు తిరిగాయి. లాంతర్లు పైకి లేచాయి.

అప్పుడు బావ తన చెయ్యి ఆమె చెయ్యి మీద వేశాడు. నొక్కలేదు, ఊరికే వేశాడు.

"ఇంకొన్నాళ్లు పిచ్చుకా."

ఆమె మౌస్ వదిలేసింది. బొమ్మ కంచె అవతలే నిలబడిపోయింది. వాకిట్లో ఎవరూ అడుగు ముందుకు వేయలేదు, చూపు తిప్పలేదు. పెట్టెలో ఫ్యాను రొద పెడుతూ తిరుగుతోంది. ఆమె అలవాటుగా పెట్టె మీద చెయ్యి పెట్టి చూసింది, కాలిపోతోంది. దీపాలు ఇలా పెరుగుతూ పోతే బొమ్మలు గీసే ఈ కార్డు వానాకాలం దాకా కూడా తట్టుకోదని, మధ్యలో ఆగిపోతే ఇన్నాళ్లు నిలబడ్డవాళ్లు నిలబడ్డచోటే పోతారని చెప్పింది. అతనికి ఆ సంగతి కొత్త. కంగారుపడ్డాడు.

తర్వాతి సెలవు రోజున పిచ్చుక ఇంతకన్నా బలమైన గ్రాఫిక్స్ కార్డు, ఇంకో రెండు ఫ్యాన్లు కొని తెచ్చింది. పాతది ఊడదీసి, కొత్తది బిగించి, తీగలు కట్టి, ఆట తెరిచింది. అన్ని దీపాలతోనూ, అన్ని నీడలతోనూ అంకె అరవై చూపించింది. బొమ్మ ఇంకా కంచె అవతలే ఉంది. కదలిక నున్నగా, తడబాటు లేకుండా ఉంది. గాలికి లాంతర్లు ఊగడం, వాళ్ల జుట్టు కదలడం, ఒక్కొక్కరూ కన్నార్పడం కూడా ఇప్పుడు స్పష్టంగా కనబడుతోంది.